మామీర్‌లో చేసిన ఫిరంగి

ముందు పోతున్న కార్ల బ్రేకు లైట్లు ఒకదాని వెంట ఒకటి ఎర్రగా వెలిగాయి. పికప్ నడుపుతున్న ఎలియేజరు తల బయటికి పెట్టి చూసి, "చెకింగు," అన్నాడు.

పక్క సీట్లో పరశురాం చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వెనకాల టార్పాలిన్ కింద ఫిరంగి ఉంది మరి.

యుద్ధానికి చేసింది కాదు. మామీర్‌లో కఫీల్ వర్క్‌షాపులో తుక్కు పైపులు కోసి, అతికించి, వెల్డర్ పరశురాం తన చేతులతో చేసిన బొమ్మ. కఫీల్‌కి, అంటే వీసా ఇచ్చి పని పెట్టుకున్న అరబ్బు యజమానికి, ఆర్సెనల్ అంటే ప్రాణం. అది లండన్ ఫుట్‌బాల్ క్లబ్బు, దాని గుర్తు ఫిరంగి. రిఫాలో కట్టుకున్న కొత్తింటి గేటు పక్కన ఆ గుర్తు నిలబెట్టాలని ఆయన సరదా. పని జరిగినన్నాళ్లూ టీ గ్లాసుతో పక్కన కూర్చుని కథ చెప్పేవాడు.

"దాన్ని పెట్టింది దొరలు కాదు పరశూ! నూట నలభై ఏళ్ల కింద, ఫిరంగులు తయారుచేసే కార్ఖానా కూలీలు పెట్టారు. డ్యూటీ దిగి బంతి ఆడుకునేవాళ్లు. తొడుక్కోవడానికి చొక్కాల్లేకపోతే ఇంకో క్లబ్బు తన ఎర్రచొక్కాలు పంపింది. ఆ ఎరుపే ఇప్పటికీ. క్లబ్బు నది దాటి అవతలికి పోయింది, కార్ఖానా మూతపడింది, ఫిరంగి మాత్రం చొక్కా మీద ఉండిపోయింది."

కూలీల క్లబ్బు అన్న మాట పరశురాం మనసులో నాటుకుంది. ఆ రోజు నుంచి పని మీద మమకారం పెరిగింది. ఆ మమకారమే కొంప ముంచింది.

"ఎందుకురా అలా చెమటలు కక్కుతున్నావ్? బొమ్మే కదా," అన్నాడు ఎలియేజరు.

"అన్నా... దానికి పొక్క వెట్టిన."

"ఏం పెట్టావ్?"

"నిప్పు వెట్టే పొక్క. మా దిక్కు జాతరల ఇనుప గొట్టంల మందు కూరి పేలుస్తరు. దానికి పైన సన్న పొక్క ఉంటది. అది లేకుంటె బోసిగ కొట్టింది. డ్రిల్లు వెట్టి తొలిచిన."

"కఫీల్ పెట్టమన్నాడా?"

"ఏ పొక్క లేకుంట మూసెయ్యుమన్నడు."

ఎలియేజరు బ్రేకు తొక్కబోయి క్లచ్చు తొక్కాడు. "ప్రభువా! బొమ్మ చెయ్యమంటే ఆయుధం చేశావట్రా! రోడ్డురోడ్డుకీ పోలీసులున్న ఈ రోజుల్లోనా? ముందు జైలు, తర్వాత ఇంటికి విమానం. ఇద్దరికీ కలిపి!"

"వెనుకకు తిప్పే అన్నా!"

"తిప్పితే వెంటపడి మరీ పట్టుకుంటారు. నోర్మూసుకుని కూర్చో."

వెనక అప్పటికే కార్లు బారు కట్టాయి. పికప్ అంగుళం అంగుళం జరిగింది.

పోలీసు టార్పాలిన్ కొస ఎత్తాడు. ఇనుప మూతి బయటపడింది. మరుక్షణం నలుగురు చుట్టూ ఉన్నారు. ఒకడి చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది. "దిగండి! చేతులు కనపడాలి!"

దిగారు. కాలే తారురోడ్డు మీద పరశురాం చేతులు పైకెత్తి నిలబడ్డాడు. ఎలియేజరు ఫోనులో క్లబ్బు గుర్తు తీసి చూపించాడు. కుర్ర ఆఫీసరు ఫోటో చూసి, ఫిరంగి చూసి, పెదవి విరిచాడు.

"ఆర్సెనలా? నేను లివర్‌పూల్ క్లబ్బు మనిషిని. దీనికే మిమ్మల్ని లోపలెయ్యాలి," అన్నాడు హిందీలో. పోలీసులు నవ్వారు. పరశురాం కూడా నవ్వబోయాడు.

ఆఫీసరు సరదాగా గొట్టం వీపు తడుముతూ వెనక్కి నడిచాడు. చూపుడువేలు ఒకచోట ఆగింది. నవ్వు పోయింది.

"ఇదేంటి?"

"వాన నీళ్లు పోడానికని చెప్పరా," ఎలియేజరు గొణిగాడు.

నెలల తరబడి చినుకు పడని దేశంలో వాన నీళ్లా! ఆఫీసరు కఫీల్ నంబరు తీసుకుని, అందరికీ వినపడేలా ఫోను కలిపాడు. కఫీల్ ముందు నవ్వాడు, తర్వాత తడబడ్డాడు, చివరికి అందరికీ అర్థమయ్యేలా హిందీలో చల్లగా అన్నాడు. "నేను చిల్లు పెట్టమనలేదు. వాడెందుకు పెట్టాడో వాణ్ణే అడగండి."

ఫోను ఆగిపోయింది. అందరి కళ్లూ పరశురాం మీదే. ఇక అబద్ధం చెప్పి లాభం లేదు.

"పొక్క లేకుంటె అది ఫిరంగి గాదు సార్, పైపు. మా ఊళ్లె చూసి వెట్టిన."

"మందు పోస్తే పేలుతుందా?"

ఎలియేజరు కళ్లు మూసుకున్నాడు.

"పేలుతది సార్."

ఆఫీసరు అతని గుర్తింపు కార్డు ఫోటో తీసుకున్నాడు. అవతలికి పోయి వైర్‌లెస్‌లో ఎవరితోనో అరబ్బీలో చాలాసేపు మాట్లాడాడు. పరశురాంకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తన పేరు మాత్రం రెండుసార్లు వినబడింది.

తిరిగొచ్చి ఆఫీసరు పికప్‌లోని వెల్డింగ్ మిషన్, జనరేటర్ వైపు వేలు చూపాడు. రిఫాలో ఫిరంగికి చక్రాలు బిగించడానికి తెచ్చుకున్నవి. "మూసెయ్. ఇక్కడే, నా ముందే."

జనరేటర్ మోగింది. పరశురాం వెల్డింగ్ అద్దం ముఖం మీదికి దించుకున్నాడు. ఆ చీకట్లో ఎవరికీ కనపడకుండా ఏడ్చాడు. వెల్డింగ్ రాడ్డు ఇనుముకి మూడుసార్లు అంటుకుపోయింది. అన్నేళ్ల పనిలో అంత వంకర అతుకు అతను ఎన్నడూ వెయ్యలేదు. ఆఫీసరు చల్లారేదాకా ఆగి, సుత్తితో కొట్టి చూశాడు.

"యల్లా, పొండి. ఇలాంటిది ఇంకోసారి కనపడితే నీ కార్డు ఫోటో నా దగ్గరుంది."

రిఫా దాకా పరశురాం వెనకద్దం మీంచి చూపు తిప్పలేదు.

గేటు దగ్గర కఫీల్ ఎర్రచొక్కాలేసుకున్న కొడుకులతో నిలబడి ఉన్నాడు. ఫోను సంగతి అసలు జరగనట్టే ఎదురొచ్చాడు. "చూశారా? ఇలాంటి పనివాళ్లే ఆర్సెనల్ పెట్టింది!" అంటూ పరశురాం భుజం తట్టి పిల్లలకు చూపించాడు. ఫిరంగి చుట్టూ తిరిగి మురిసిపోయి, మళ్లీ వచ్చి పరశురాం భుజం మీద చెయ్యి వేశాడు. "గేటుకు రెండోవైపు బోసిగా ఉంది. వచ్చేవారానికి ఇంకోటి చెయ్యి."

ఎలియేజరు పరశురాం మోచెయ్యి గిల్లాడు. ఒప్పుకొమ్మనో, వద్దనో తెలియదు.

"గేట్లు జేస్త, గ్రిల్లులు జేస్త. ఏది జెప్పినా జేస్త," అన్నాడు పరశురాం తనకొచ్చిన హిందీలో. "ఇది మాత్రం ఖలాస్."

ఈ దేశం వచ్చాక కఫీల్‌కి అతను కాదని చెప్పడం ఇదే మొదలు. కఫీల్ చెయ్యి భుజం మీంచి మెల్లగా జారింది. పరశురాం చేతులు వెనక్కి కట్టుకుని, ఆయన నోరు తెరిచేదాకా అలాగే నిలబడ్డాడు.