మానిటర్ వెనక మూరెడు చోటు

పాఠ్యపుస్తకాలు కంపోజ్ చేసే ఆ గదిలో బల్లలన్నీ బడిలో బెంచీల్లా ఒకదాని వెనక ఒకటి వేసి ఉండేవి. అందరి ముఖాలూ ఒకే వైపు. మానిటర్లు అప్పటి టీవీల్లా వెనక పెద్ద డొప్ప ఉన్న పెట్టెలు. గది ఇరుకు కాబట్టి ఒకరి మానిటర్ వీపు, ముందు కూర్చున్నవాళ్ల వీపుకు మూరెడు దూరంలో ఉండేది. మధ్య బల్ల ఖాళీ అయినప్పుడు దాన్ని పిట్టకిచ్చారు. మనిషి చిన్నది, చేతులు చురుకు అని ఆ పేరు పెట్టింది వెనక బల్ల పెద్దక్కే.

అంతకు ముందు ఆ బల్ల రాగాలక్కది. టైపు చేస్తూ కూనిరాగాలు తీసేది. ఆ కుర్చీలో ఉండగానే రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి తర్వాత ఇక పనిలోకి రాలేదు. మానిటర్ వల్లే అని పైకి అన్నవాళ్లు లేరు. అయితే ఆమె మాట వచ్చినప్పుడల్లా అందరూ గొంతు తగ్గించేవాళ్లు, అక్కడ తెరలు వింటాయన్నట్టు.

ఇప్పుడు పిట్టకు మూడో నెల.

"ఆ పెట్టె ముందు కూర్చోకమ్మా, దాన్లోంచి ఏదో వస్తుందట," అంది అత్తగారు.

"ఏదో అంటే ఏంటత్తయ్యా?"

"కనబడేదైతే నేనే తరిమేదాన్ని కదా."

పని మానేసే వీలు లేదు. మొగుడి ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది. అందుకని పిట్ట తనకు తోచిన జాగ్రత్త తీసుకుంది. కుర్చీని వీలైనంత వెనక్కి లాక్కుని, చేతులు చాచి టైపు చేయడం మొదలుపెట్టింది.

"బస్సు నడుపుతున్నావా ఏంటే?" అని పెద్దక్క వెనక నుంచి వెక్కిరించింది. "హారన్ కూడా కొట్టు."

పిట్ట నవ్వలేదు. కుర్చీ కాళ్లు నేలమీద అరిగిన గుంటల్లో దిగి నిలబడ్డాయి. ఎవరో ఏళ్ల తరబడి సరిగ్గా అంతే వెనక్కి జరిగి కూర్చున్న గుర్తులవి. ఆ మనిషెవరో పిట్టకు తెలుసు.

ఆ రోజు నుంచి వీపు మీద వెచ్చగా తగలసాగింది. ఎవరో వంగి తన భుజం మీదుగా చదువుతున్నట్టు, ఆ ఊపిరి జాకెట్టు గుండా లోపలికి దిగుతున్నట్టు. తిరిగి చూస్తే పెద్దక్క మానిటర్ తప్ప ఏమీ ఉండేది కాదు. అక్షరాలు కొడుతూ కొడుతూ పిట్ట చేతులు ఆపేసేది. చెవులు రిక్కించేది, కూనిరాగం వినబడుతుందేమోనని.

ఒక మధ్యాహ్నం ఆమె తెర వణుకుతోందని మెకానిక్‌ని పిలిపించారు. అతను మానిటర్ వెనక డొప్ప విప్పుతుంటే పిట్ట దూరంగా నిలబడి అడిగింది.

"అన్నయ్యా, దీన్లోంచి వచ్చేది మనిషిని ఏమైనా చేస్తుందా?"

"చేస్తుందని ఎవరూ తేల్చలేదమ్మా. నేనిన్నేళ్లుగా వీటి మధ్యే ఉన్నాను, జుట్టు తప్ప ఏమీ ఊడలేదు."

"హాస్యం కాదన్నయ్యా. నేను వెనక్కి జరిగి కూర్చుంటున్నాను."

అతను ఆమె కుర్చీనీ, దాని వెనకున్న మానిటర్‌నీ చూశాడు. "ముందు మందపాటి అద్దం ఉంటుంది. అంతగా భయపడాలంటే వెనక వైపుకే భయపడాలి. నువ్వు దానికే ఆనుకుని కూర్చున్నావుగా."

పెద్దక్క చేతిలో ఉన్న ప్రూఫు కాగితాలు బల్ల మీద పెట్టేసింది.

"ఎంత దూరంలో ఉంటే ఏమీ కాదు?" అని అడిగింది పిట్ట.

"ఏదైనా అవుతుందని తేలితే కదా ఇంత దూరమని చెప్పడానికి," అని అతను డొప్ప బిగించి వెళ్లిపోయాడు.

పిట్ట తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

"దాన్ని వెనక్కి జరగమని చెప్పింది నేనేనే," అంది పెద్దక్క మెల్లగా. దాన్ని అంటే ఎవరినో పిట్ట అడగలేదు.

పెద్దక్క లేచి, తన బల్లను వెనక గోడ వైపు లాగింది. ఆమెదే చివరి బల్ల, ఇక జరగడానికి చోటు లేదు. ఆ బొద్దు మనిషి గోడకూ బల్లకూ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

"నీకు ఊపిరాడదక్కా."

"నా ఊపిరి సంగతి నీకెందుకే. నీ పని నువ్వు చూసుకో."

పిట్ట వీపు వెనక చోటు ఏర్పడింది. వెచ్చదనం పోయింది. ఎన్నాళ్లకో నడుము వాల్చి కూర్చుంది. అప్పుడు తల ఎత్తి తన ముందు చూసింది.

ముందు బల్ల కొత్త పెళ్లికూతురుది. పెళ్లయి నెల కాలేదు కాబట్టి అందరూ అలాగే పిలిచేవాళ్లు. పిట్టను చూసి ఆ పిల్ల కూడా కుర్చీ వెనక్కి లాక్కుంది. ఆమె జడ వచ్చి పిట్ట మానిటర్ వీపు మీద పడి ఉంది. లోపల చిన్నగా గుయ్‌మంటున్న ఆ డొప్ప మీద జడ కొస కదులుతోంది.

"అమ్మాయ్, కాస్త ముందుకు జరగవా," అంది పిట్ట.

"అమ్మో, ముందు తెర ఉందిగా అక్కా. మీరూ అలాగే జరిగారు కదా?"

పెద్దక్క ఇచ్చిన చోటు మూరెడే. పిట్ట తన దగ్గరే ఉంచుకుంటే అది కడుపులో బిడ్డకు దక్కుతుంది. బల్ల వెనక్కి లాగితే ఆ పిల్లకు, రేపు ఆమె కడుపున పడే బిడ్డకు. పొట్ట మీద చెయ్యి వేసుకుంది. పెద్దక్క వెనక నుంచి ఏదైనా అంటే బాగుండనిపించింది.

చివరికి బల్ల అంచు పట్టుకుని లాగింది. నేల కీచుమంది. జడ కొస డొప్ప మీద నుంచి జారింది. కుర్చీ జరుపుకుంటూ ఇంకొంచెం లాగింది. వీపు మీద మళ్లీ వెచ్చదనం తెలిసింది. ఆగింది. ఇది చాలా, ఇంకా కావాలా? కొంచెం ముందుకు తోసింది. మళ్లీ లాగింది.

సాయంత్రం అందరూ వెళ్లిపోయేదాకా ఆ బల్ల కదులుతూనే ఉంది.