నీలి గోలెం అబద్ధం

నీలిరంగు పులియబెట్టే పెద్ద మట్టి గోలెం మొండికేస్తే దానికి మందు అబద్ధమే. సిద్దిపేటలో నూలుకు రంగులు వేసే ఇళ్లన్నిటికీ తెలిసిన సంగతిది. ఊరు నమ్మేంత అబద్ధాన్ని బజార్లో వదలాలి. అది నాలుగు వాడలు తిరిగొచ్చేసరికి గోలెంలో రంగు లేస్తుందని వాళ్ల గట్టి నమ్మకం. దౌల్తాబాదులో చేపల వాన పడిందనో, చిన్నకోడూరులో మేక మాట్లాడిందనో చెప్పేవారు. ఎవరి సొమ్మూ పోయేది కాదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. కుట్టుపనితో బతుకుతున్న సుగుణకు గడీ నుంచి పిలుపొచ్చింది. దొరసాని ప్రమీలాదేవి నాయనమ్మ నాటి పల్లకీ తెర మీద నెమళ్ల మెడలు పోగులూడిపోయాయి. అచ్చం ఆ దారమే, ఆ నీలమే తెస్తే తెర బాగుచేసే పని నీదేనంది దొరసాని. మొగుడు పోయాక ఏళ్ల తరబడి రవికెల అంచులు కుట్టిన మనిషికి ఇంతకంటే ఏం కావాలి! నమూనాకిచ్చిన తెగిన పోగును విప్పి చూసింది. మూడు పోగులు కలిపి ఎడమకు పెట్టిన పురి. మిల్లు దారానికి ఆ పురి ఎక్కడిది? తానే వడికి, తానే పురిపెట్టి, రంగు కోసం, ఆ పనే చేసే అన్న రాజలింగం చేతికిచ్చింది.

గోలెం మొండికేసింది. రాజలింగం చేపల వాన కురిపించాడు, మేకను మాట్లాడించాడు. ఊరు నవ్విందే గానీ నమ్మలేదు. ఆ తర్వాత ఏం చెప్పాడో ఇంట్లో అనలేదు. మర్నాటికి గోలెం నురగ కట్టింది. ముంచి తీసిన దారానికి గాలి తగలగానే దొరసాని నాయనమ్మ నాటి నీలమే తేలింది. సుగుణ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

గడీ గుమ్మంలోనే పనిమనిషి లక్ష్మీబాయి ఆపింది.

"దొరసాని నీ మొఖం సూడనన్నది. తెర పోగులు గుంజుకపోయి పట్నంల అమ్ముతున్నవట గదా!"

"ఎవరన్నరే గా మాట?"

"మీ అన్ననే. బజార్ల ఏడ్సుకుంట చెప్పిండట. తోడబుట్టినోడే చెప్పినంక ఇంకేముంది?"

కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకోవాలి! ఊరంతా కలిసి తిట్టినా సుగుణకు ఇంత నొప్పి ఉండేది కాదు. ఒకే కంచంలో తిని పెరిగినవాడు. ఇంటికొచ్చి అన్నను నిలదీసింది.

"నీ నోట్లె మన్నువడ! నేను దొంగనానే అన్నా?"

"రంగు కోసం చెప్పిన చెల్లె. ఇంకేం చెప్పినా ఎవ్వడు నమ్మకపాయె. రంగొచ్చిందా, లేదా?"

"నా పేరు పాయె గదనే! పో, అబద్ధమని చెప్పి రా."

రాజలింగం నీలం దారపు చుట్టను, ఆ చిలపను కూడా పట్టుకుని గడీకి పోయాడు. సుగుణ గడప మీద కూర్చుని ఎదురుచూసింది. చాలాసేపటికి తల వంచుకుని వచ్చాడు.

"చెప్పిన చెల్లె, ఒట్టు. దొరసాని నవ్వింది. చెల్లె మీద అబద్ధం చెప్పే అన్న యాడన్న ఉంటడా, చెల్లెను కాపాడనీకె ఇప్పుడు చెప్తున్నవ్ అన్నది."

"దారమేది?"

రాజలింగం ఖాళీ చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడు.

"దారమేదన్నా?"

"దొరసానికి మస్తు నచ్చింది. ఇంకో కుట్టుమనిషి యాదలక్ష్మితోని తెర కుట్టిపిస్తదట. ఇంకో రెండు చిలపలు కావాల్నన్నది." రాట్నం వంక చూశాడు. "వడికిస్తవా చెల్లె?"