రేపల్లె తల్లిదోమలు

మంగాయమ్మ ఎడమచేత్తో వరి దుబ్బును వెనక్కి వంచి పట్టుకుని, కుడిచేతి వేళ్లతో మొదట్లో రెండుసార్లు తట్టింది. ఊక రాలినట్టు దోమలు తడిమట్టి మీద రాలాయి. గాజుగొట్టానికి తగిలించిన రబ్బరుగొట్టం కొసను పళ్ల మధ్య బిగించి, వంగి, ఒకదానికి గురిపెట్టి గాలి పీల్చింది. దోమ గొట్టంలోకి వచ్చి పడింది. నోట్లోకి రాకుండా మధ్యలో పలచని గుడ్డ అడ్డం ఉంది. గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసి పెదవి విరిచింది. మగది.

ఆమెకు కావలసినవి ఆడవి. అందులోనూ గుడ్లతో ఉన్నవి. రెక్కలు పొట్టిగా, పొట్ట ఉబ్బి, ఎగరలేక దుబ్బు మొదట్లోనే పాకుతుంటాయి. అవి గట్టు పక్కన అరుదు. చేను నడుమ, సుడి చుట్టూ ఉంటాయి. వరి రసం పీల్చే సుడిదోమకు ఆ పేరు ఊరికే రాలేదు. పండబోయే చేలో బండిచక్రమంత మేర ఎవరో నిప్పు పెట్టినట్టు ఎండిపోతుంది. మర్నాటికి ఆ చక్రం ఇంకాస్త పెద్దదవుతుంది.

మంగాయమ్మ పొట్టి మనిషి. యాభై దాటాయి. ఏళ్ల తరబడి నాట్లు వేసిన వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి ఉంటాయి. నడుం వంచడం కష్టం కాదు ఆమెకు, ఎత్తడమే కష్టం. ఎత్తినప్పుడల్లా ఈమధ్య గుండెల మీద ఎవరో అరచెయ్యి మోపినట్టు ఉంటోంది.

"ఎవరమ్మా అది, చేలో?"

గట్టు మీద చేను ఆసామి వీరరాఘవయ్య నిలబడి ఉన్నాడు. వెనక స్ప్రేయరు వీపున తగిలించుకున్న కూలిమనిషి.

"నేనండి బాబుగారూ. బాపట్ల నుంచి వచ్చానండి. దోమల కోసం."

"దోమల కోసమా? ఏం చేసుకుంటావు?"

"పెంచుతామండి."

వీరరాఘవయ్య గట్టు అంచుకు వచ్చాడు. "నా చేలో పెరిగేవి చాలక పట్టుకెళ్లి పెంచుతారూ? సరిపోయింది. లే, బయటికి రా. మందు కొట్టించాలి."

తొంభై ఏడో సంవత్సరం, నవంబరు నెల. రేపల్లె వైపు చేలన్నీ అప్పటికే మందు కొట్టేశారు. పొద్దున రైలు దిగి మూడు ఊళ్లు తిరిగితే సుడి మిగిలిన చేను ఆమెకు ఇదొక్కటే కనిపించింది.

రేపల్లె దోమలు బాపట్లలో ఉండేవే. ఆమె పనిచేసే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో, చుట్టూ వల కట్టిన నెట్‌హౌసులో మూడు పంజరాలు. తెనాలి దోమలు, బాపట్ల దోమలు, రేపల్లె దోమలు. ఒక్కొక్క పంజరం ఒక్క ఊరి దోమల సంతానం, అందులోనూ ఏ తల్లి పిల్లలు ఆ తల్లి కుండీలోనే. వేటికవి కలవకుండా చూడడం, వాటి కోసం కుండీల్లో వరినారు పెంచడం మంగాయమ్మ పని. పోయిన వారం రేపల్లె పంజరం వలలో చిరుగు పడింది. గుడ్లనూ పిల్లదోమల్నీ పీల్చేసే పచ్చనల్లి పురుగు అందులోంచి దూరింది. చూసేసరికి అంతా అయిపోయింది. ఈ దోమల మీద పరిశోధన చేసే చంద్రకళ మేడం తప్పెవరిదని అడగలేదు. "ఈ ఏటికి రెండు ఊళ్లతోనే సరిపెడదాంలే" అంది. వల చూసుకోవలసింది తనే. ఆ మాట ఎవరూ అనకపోవడమే మంగాయమ్మకు కష్టంగా ఉంది. "నేను వెళ్లి తెస్తానండి" అంది.

ఇప్పుడామె చేలోంచి లేవలేదు. "ఇక్కడి దోమా, మా దగ్గరి దోమా ఒక తల్లి బిడ్డలేనా కాదా అని మా మేడంగారు చూస్తున్నారండి. ఒకటే అయితే అక్కడ తట్టుకున్న వరి ఇక్కడా తట్టుకోవచ్చంటండి."

"ఎప్పటికి తేలుతుంది?"

"నాకు తెలీదండి."

"నా పంట ఈ వారం నిలబడాలి."

"నిలబడాలండి." మంగాయమ్మ నెమ్మదిగా నడుం ఎత్తింది. "ఎలాగూ పాయలు తియ్యందే మందు మొదట్లోకి దిగదు గదండి. మనుషుల్ని పిలవకండి. ఈ పక్కంతా నేనే తీస్తాను. తీస్తూ నాక్కావలసినవి ఏరుకుంటాను. తర్వాత మీ ఇష్టం."

ఆసామి చేను వైపూ ఆమె వైపూ చూశాడు. పాయలు తీయడమంటే ఒత్తుగా ఉన్న దుబ్బుల్ని చెరోపక్కకీ వంచి, మనిషి నడవడానికి దారి చేసుకుంటూ పోవడం. నడుం విరిగే పని. ఆ పూట కూలీలు దొరకలేదని అతని ముఖమే చెబుతోంది.

"కానీ, తొందరగా" అన్నాడు.

ఆమె తీసింది. గింజ గట్టిపడ్డ కంకులు చేతులకు గీసుకుంటుంటే, మోకాళ్లతో దుబ్బుల్ని తోస్తూ, సుడి చుట్టూ దారి చేసుకుంటూ పోయింది. మధ్యమధ్య ఆగి తట్టేది, పీల్చేది. పీల్చిన ప్రతిసారీ ఊపిరి వెనక్కి రావడానికి కాస్త సమయం పట్టేది. ఏరిన వాటిని, తడి దూదిలో గుచ్చిన వరి కాడలున్న డబ్బాలోకి ఊదేది. ఎండ నడినెత్తికెక్కేసరికి పాయలు అయ్యాయి. డబ్బాలో పొట్టిరెక్కల తల్లులు కాడలకు అంటుకుని కనిపించాయి.

గట్టెక్కి కూర్చున్నాక, స్ప్రేయరు మనిషి చేలోకి దిగబోతుంటే పిలిచింది.

"మూతికి గుడ్డ కట్టుకో నాయనా."

"ఊపిరాడదు పిన్నీ."

తన భుజం మీది తువ్వాలు తీసి, కాలవలో తడిపి పిండి ఇచ్చింది. వాడు కట్టుకునేదాకా అక్కడే నిలబడి ఉంది. ఆమె భర్త తోమాసు కొల్లిపర చేలల్లో మందు కొట్టేవాడు. ఎనభై అయిదులో దోమ విపరీతంగా పడ్డ ఏడాది, సాయంత్రం పని నుంచి వచ్చి, అన్నం వద్దని పడుకుని, మళ్లీ లేవలేదు. ఆ తర్వాతే పాస్టరుగారు ఎవరితోనో మాట్లాడి ఆమెను బాపట్లలో పనికి పెట్టించారు. మొదట పొలం పని, తర్వాత పురుగుల పని. తోమాసును మింగిన పురుగు ఇదేనని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పురుగు మనిషినేం చేస్తుంది.

తువ్వాలు వాడి దగ్గరే వదిలేసి నడిచింది.

రేపల్లెలో రైలెక్కి తెనాలి వచ్చేసరికి మధ్యాహ్నం వాలుతోంది. కొడుకు జార్జి స్టేషను దగ్గర టైర్ల షాపులో పనిచేస్తాడు. అమ్మ ఈ రైలుకు వస్తుందని తెలిసి టిఫిన్ పొట్లంతో ప్లాట్‌ఫాం మీద కాచుకుని ఉన్నాడు.

"ముఖం ఏంటమ్మా అలా ఉంది?"

"ఎండ."

"ఎండ కాదు. ఇంటికి పోదాం పద. అంగలకుదురు ఎంతసేపు? సైకిలుంది నా దగ్గర."

"ఇవి ఇచ్చేసి వస్తాను."

"రేపివ్వచ్చు గదా."

"రేపటికి ఉండవురా. కాడ వాడిపోతే పొద్దుటికి ఒక్కటీ మిగలదు."

జార్జి డబ్బా వంక చూశాడు. పొట్లం విప్పి ఆమె ఒళ్లో పెట్టాడు. ఒక ఇడ్లీ తిని మిగతాది కొడుక్కే ఇచ్చేసింది. బాపట్ల పాసింజరు వచ్చింది. రాత్రికి ఇదే ప్లాట్‌ఫాం మీద ఉంటానని చెప్పి వాడు ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు.

బండి కదిలాక డబ్బాను చీర కొంగుతో కప్పి ఒళ్లో పెట్టుకుంది.

ఒకసారి చంద్రకళను అడిగింది, ఒక తల్లీ ఒక తల్లీ అని వేరుచేయడం దేనికని. ఇంకా ముప్పై నిండని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఒంట్లోని ప్రతి కణంలోనూ బలం పుట్టించే చిన్న చిన్న తిత్తులుంటాయనీ, మైటోకాండ్రియా అంటారనీ, వాటికి సొంతంగా ఒక రాత ఉంటుందనీ. ఆ రాత తల్లి నుంచే బిడ్డకు వస్తుంది, తండ్రిది రాదు. ఎన్నో తరాలకు ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఊరూరి దోమల్లో ఆ అక్షరాలను పోల్చి చూస్తే ఎవరు ఎవరి నుంచి ఎప్పుడు విడిపోయారో కొంత తెలుస్తుంది.

"మరి మగబిడ్డకు ఇవ్వదాండి తల్లి?"

"ఇస్తుంది మంగాయమ్మా. అతని నుంచి ముందుకు పోదు. అక్కడితో ఆగిపోతుంది."

మంగాయమ్మ నారు కుండీకి నీళ్లు పోస్తూ ఆలోచించింది. "అయితే మా అమ్మ సారమ్మది నా దాకా వచ్చింది. నాది మా జార్జి దాకా. అక్కడితో సరి."

చంద్రకళ చేతిలోని పుస్తకం మూసింది.

"పోనీలెండి" అంది మంగాయమ్మ, చెంబు కింద పెట్టి. "దోమలదన్నా నిలబెడదాం."

బాపట్లలో దిగి రిక్షా ఎక్కింది. ఎప్పుడూ నడిచేదే. చంద్రకళ నెట్‌హౌసు గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. డబ్బా అందుకుని, లైటు కిందికి తీసుకెళ్లి చూసి, చిన్నపిల్లలా నవ్వింది.

"అన్నీ ఆడవే!"

"మగవి వదిలేశానండి. ఇవి గుడ్లతోనే ఉన్నాయి." మంగాయమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "వల మొత్తం మీరొకసారి తడిమి చూసి వదలండి. నేను లోపలికి రానండి, బండి దాటిపోతుంది."

"రేపు సెలవు తీసుకో మంగాయమ్మా. అలిసిపోయావు."

"నారు పోయాలండి రేపు" అంటూ వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆమె బదులు జార్జి వచ్చాడు. చొక్కా నలిగి ఉంది, గడ్డం గీసుకోలేదు. చంద్రకళను వెతుక్కుంటూ వచ్చి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"రాత్రి బండిలో వచ్చిందండి అమ్మ. అందరూ దిగారు, తను దిగలేదు. నేనే ఎక్కి చూశానండి. కిటికీకి తల ఆనించి ఉంది. నిద్రపోయిందనుకున్నాను."

అంగలకుదురు సమాధుల దొడ్డిలో, తోమాసు పక్కన పెట్టారు. చంద్రకళ వెళ్లి, ప్రార్థన అయ్యేదాకా వెనకాల నిలబడి, వానతుంపరలో తిరిగి వచ్చింది.

రేపల్లె తల్లులు కొత్త పంజరంలో, ఒక్కోటి ఒక్కో కుండీలో గుడ్లు పెట్టాయి. వారం దాటాక లేత కాడల నిండా తెల్లటి పిల్లలు కదిలాయి. తల్లుల వారీగానే కొన్నింటిని స్పిరిట్ సీసాల్లో వేసి, వాటి రాత చదివించడానికి హైదరాబాదు పంపారు. మిగతా వాటికి నారు కావలసి వచ్చింది. కొత్త మనిషిని ఇంకా వేయలేదు. నారు తనే పోద్దామని చంద్రకళ లోపలికొచ్చి, తలుపు వెనక ఉండే చెంబు కోసం నెట్‌హౌసు తలుపు దగ్గరగా వేసింది.

అక్కడ మేకుకు, మంగాయమ్మ పనిలో కట్టుకునే పాత నీలం నేతచీర వేలాడుతోంది. ఉతికి, నాలుగు మడతలు వేసి, మళ్లీ కట్టుకోవడానికి సిద్ధంగా. అంచు నుంచి జానెడు మేర ఎంత ఉతికినా వదలని నల్లమట్టి మరక.