అరువు తల

మెర్విన్ హాస్లెట్ స్క్రూడ్రైవర్ మొనని రెండో పంపు బేరింగు మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపల ఎవరో ఇసుక నములుతున్నట్టు సన్నటి గరగర. నిన్న ఇది లేదు. గ్రీజు కొట్టి మళ్ళీ విన్నాడు. తగ్గింది గానీ పోలేదు. చలికాలం దాకా నెట్టుకొస్తుందిలే అనుకుని స్క్రూడ్రైవర్‌ని వెనక జేబులో దోపుకున్నాడు.

పంపుల గది కాలేజీ పెద్ద బిల్డింగు అడుగున ఉంది. దానికి కిటికీ లేదు. భూమిలో ఎంతో లోతు నుంచి సలసల కాగే నీళ్ళు ఒక గొట్టంలో పైకొచ్చి, తమ వేడినంతా పక్క గొట్టంలోని చల్లనీళ్ళకి ఇచ్చేసి, మళ్ళీ భూమిలోకే పోతాయి. ఆ వేడితోనే పైన క్లాసులన్నీ వెచ్చగా ఉంటాయి. చలికాలంలో కాలిబాటల మీద మంచు నిలవదు. గదిలో ఎప్పుడూ కుళ్ళిన కోడిగుడ్ల వాసన. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. మెర్విన్‌కి ఆ వాసన తెలియడం మానేసి చాలా కాలమైంది. మనిషి ఆరడుగుల పైన పొడవు. గొట్టాలు తలకి తగలకుండా వంగి నడిచీ నడిచీ, బయట ఆకాశం కింద కూడా వంగే నడుస్తాడు. ముంజేతుల మీద వెంట్రుకలు లేవు, ఆవిరి ఎప్పుడో ఊడ్చేసింది. కళ్ళజోడు కాడకి రాగి తీగ చుట్టి ఉంటుంది. యాభై దాటాక మనిషి మరీ ఎండిపోయాడు.

ఇవాళ అతని మనసు పంపు మీద లేదు. సాయంత్రం ఐదింటికి అవకలన సమీకరణాల, అంటే డిఫరెన్షియల్ లెక్కల, క్లాసు నిలబడుతుందో పడిపోతుందో తేలిపోతుంది.

ఈ సంగతి కాస్త చెప్పాలి. మాది రెండేళ్ళ కాలేజీ. ఇక్కడ రెండేళ్ళు చదివి, మార్కులు మూటగట్టుకుని, ఊళ్ళో ఎక్కణ్ణించి చూసినా కనిపించే ఆ కొండ మీది యూనివర్సిటీలో మూడో ఏడులో చేరితే, ఎండ నుంచీ గాలి నుంచీ భూమి లోపలి వేడి నుంచీ కరెంటు తీసే ఇంజినీరింగులో డిగ్రీ వస్తుంది. దానికి రెండు చోట్లకీ మధ్య ఒప్పందం ఉంది. దక్షిణ ఆరెగాన్‌లో బంగాళాదుంపల పొలాల్లోంచీ హోటళ్ళ వంటిళ్ళలోంచీ వచ్చేవాళ్ళకి పైకి పోయే దారి ఇదొక్కటే. మెర్విన్ కూడా ఆ దారే పట్టాడు. ఉద్యోగం చేసుకుంటూ, వీలైనప్పుడల్లా ఒక్కో సబ్జెక్టు చొప్పున, రెండేళ్ళ దారిని పద్దెనిమిదేళ్ళుగా నడుస్తున్నాడు. భార్య లావోన్ మొదట్లో వేళాకోళం చేసేది. "నువ్వు కొండెక్కడం ముందో, నేను గోతిలోకి దిగడం ముందో చూద్దాం" అనేది. రెండూ జరక్కముందే ఆవిడ విసిగిపోయి మెడ్‌ఫర్డ్‌లో వాళ్ళ అక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇక మిగిలింది ఆ ఒక్క సబ్జెక్టే. అది ఏడాదికోసారి సెప్టెంబరులో పెడతారు. ఎనిమిది మంది చేరకపోతే తీసేస్తారు. మూడేళ్ళుగా వరసగా పడిపోతూనే ఉంది. పైగా మెర్విన్ ఎప్పుడో చదివిన పాత రకం ఫిజిక్సుని ఒప్పుకునే ఒప్పందం ఈ డిసెంబరుతో చెల్లిపోతుంది. అంటే ఈసారి తప్పితే మళ్ళీ మొదటి మెట్టు నుంచే.

ఈ ఎనిమిది మంది లెక్క మా కాలేజీలో ఒక ఆచారాన్ని పుట్టించింది. ఉద్యోగులకి చదువు ఉచితం. అందుకని ఎవరి క్లాసైనా ఒక్క మనిషి తక్కువై పడిపోయేలా ఉంటే, ఏ ఉద్యోగో పేరు రాయించుకుని, రెండు వారాలు వెనక వరసలో కూర్చుని, లెక్క ఖాయమయ్యాక మానేస్తాడు. దీన్ని తల అరువివ్వడం అంటాం. అందరికన్నా ఎక్కువసార్లు అరువుకి పోయిన తల మెర్విన్‌దే. స్పానిష్‌కి ఇచ్చాడు, వెల్డింగుకి ఇచ్చాడు, కుండలు చేసే క్లాసుకి ఇచ్చాడు, ఒకసారి గర్భిణుల వ్యాయామం క్లాసుకి కూడా ఇచ్చాడు. అడిగితే కాదనడం అతనికి రాదు. తను అడగడం అంతకన్నా రాదు. తన క్లాసు మూడేళ్ళు పడిపోతుంటే ఒక్కరి తలనీ అడగలేదు. మెతకమనిషి అంటారు గానీ, నేనైతే మొండితనమే అంటాను.

ఈసారి అడగాల్సిన అవసరం రాలేదు. అతనిదీ కలుపుకుని పొద్దుటికి ఎనిమిది పేర్లున్నాయి. ఇంకెవరూ జారిపోకుండా ఉంటే చాలు.

"ఏమయ్యా ఇంజినీరూ, పంపు ఏమంటోంది?" మెట్ల మీంచి రాయ్స్ డెలాన్సీ అరిచాడు. కాలేజీ మరమ్మతులన్నిటికీ అతనే పెద్ద. పొట్ట ముందు వచ్చి, మనిషి తర్వాత వస్తాడు.

"గరగరమంటోంది."

"నీలాగే. ఇద్దరూ రిటైరుమెంటుకొచ్చారు."

"ఇవాళ ఐదింటికి తేలుతుంది, రాయ్స్."

"ఏటా తేలుతూనే ఉందిగా. తేలి మునుగుతుంది."

రాయ్స్ పెద్దగా నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఎందుకో మెర్విన్ మొహంలోకి చూడలేదు.

మధ్యాహ్నం మెర్విన్ రొట్టె ముక్కల మధ్య నిన్నటి మాంసం పెట్టుకుని, తింటూనే పేర్లు రాసుకునే కౌంటరు దగ్గరికి వెళ్ళాడు. కౌంటరులో ఉండే పెట్రా ఒచోవా వాళ్ళమ్మది మెక్సికో. పెద్దవాళ్ళని ఇంట్లో పిలిచినట్టే అతన్నీ పిలుస్తుంది.

"దోన్ మెర్విన్, కాస్త కూర్చోండి."

"నిలబడే తింటాలే. క్లాసు నిలబడిందా లేదా అది చెప్పు."

పెట్రా నవ్వలేదు. "ఏడు చూపిస్తోంది."

"అయ్యో. ఎవరు పోయారు?"

"మీరే."

అతను నమలడం ఆపాడు.

"వేసవిలో కొత్త రూలు పెట్టారంట. చేరి మానేసిన క్లాసులు మరీ ఎక్కువున్న ఉద్యోగుల పేర్లు ఇవాళ పొద్దున కంప్యూటరే తీసేసింది. మీవి చాలా ఉన్నాయి."

"అవన్నీ అరువు కదా, పెట్రా."

"నాకు తెలుసు, మీకు తెలుసు. కంప్యూటరుకేం తెలుసు? దాని లెక్కలో మీరు ఏ చదువూ కుదురుగా చదవని మనిషి."

"ఫీజు కట్టి చేరతాను."

"కట్టినా చేర్చుకోదు. అప్పీలు పెట్టుకోవాలి. కమిటీ కూర్చునేది జనవరిలో."

జనవరికి ఒప్పందం ఉండదు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. పెట్రా గొంతు తగ్గించింది. "ఇంకో తల దొరికితే మిగతా ఏడుగురికీ నిలబడుతుంది. మా కౌంటరువాళ్ళు ఇవ్వకూడదు, లేకపోతే నేనే రాసేసుకుందును. మీరు కూడా వెనక కూర్చోవచ్చు, టీచరు ఏమీ అనరు. లెక్కలో ఉండరు, అంతే. ఊరికే కూర్చోవడమే కదా."

"ఊరికే కూర్చోవడం చాలా అయిందమ్మా" అన్నాడు మెర్విన్.

కిందికి దిగి తలుపు వేసుకున్నాడు. తిరగేసిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. తర్వాత ఒళ్ళంతా కోపం కమ్ముకొచ్చింది. ఎవరికి అరువిచ్చాడో వాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. స్పానిష్ నేర్చుకుని పోర్ట్‌లాండ్‌లో ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు, వెల్డింగు నేర్చుకుని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు. అతని తల మీద కాలు పెట్టి అందరూ గోడ దూకారు, అతను మాత్రం గోడకి ఇవతలే ఉండిపోయాడు. పడిపోనీ క్లాసు. నాకు దక్కనిది ఎవరికీ దక్కనక్కర్లేదు. పద్దెనిమిదేళ్ళలో అతని మనసులో ఇంత చేదు మాట రాలేదు. వచ్చాక అది హాయిగానే ఉంది. ఐదయ్యేదాకా ఈ బక్కెట్టు మీంచి లేవకపోతే సరి, ఎవరూ అతన్ని తప్పుపట్టరు కూడా.

ఎవరో తలుపు కొట్టారు. టాన్సీ. రైలు స్టేషను ఎదురుగా ఉన్న హోటల్లో వడ్డన పని చేస్తూ చదువుకుంటోంది, ఒక చిన్న కూతురుంది. ఆ ఏడుగురిలో ఒకతె. ఎప్పుడూ ఈ గదిలోకి రాలేదు గనక గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"అమ్మో, ఇక్కడెట్లా ఉంటారండీ? ఏం లేదు, మీకు చెబుదామని వచ్చాను. సాయంత్రం డ్యూటీ మానేస్తున్నానని పొద్దున మా ఓనరుకి చెప్పేశా. క్లాసుకి వీలుగా. ఆయన నా మీద ఒంటికాలి మీద లేచాడు. అయినా సరే అన్నాను. ఎనిమిది మందిమి ఉన్నాంగా, ఇంక భయం లేదు."

మెర్విన్ ఆమె బూట్ల వంక చూశాడు. వడ్డించేవాళ్ళు వేసుకునే నల్ల బూట్లు, మడమ దగ్గర అరిగిపోయాయి.

"మీ ఓనరు ఆ డ్యూటీ మళ్ళీ ఇస్తాడా, అడిగితే?"

"ఆయనా? చచ్చినా ఇవ్వడు. ఎందుకండీ?"

"ఊరికే అడిగాను. నువ్వు పోయి పాపని తెచ్చుకో."

ఆమె వెళ్ళిపోయింది. మెర్విన్ తనని తానే ఒక బూతుమాట తిట్టుకుని లేచాడు.

రాయ్స్ కాలేజీ వెనక లాన్‌లో పగిలిన నీటి గొట్టం ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు.

"రాయ్స్, నీ తల కావాలి."

"ఎందుకు, సూపు కాస్తావా?"

"క్లాసుకి. డిఫరెన్షియల్ లెక్కలకి. ఒకటి తగ్గింది."

రాయ్స్ వెనక్కి వాలి అతన్ని ఎగాదిగా చూశాడు. "ఒరేయ్, నేను బడి మానేసిందే భిన్నాల దగ్గర. సగాన్ని సగంతో భాగించమంటే ఇంటికి పారిపోయాను. ఆ క్లాసులో నన్ను చూస్తే జనం పైకప్పు కారుతోందనుకుంటారు."

"రెండు వారాలే. వెనక కూర్చుని నిద్రపో."

"ఇంతకీ తగ్గిందెవరు?"

"నేను."

మెర్విన్ ముక్తసరిగా చెప్పాడు. రాయ్స్ చేతిలోని పానా గడ్డిలో పడేశాడు. నవ్వలేదు, ఇంజినీరూ అనలేదు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, తుడుచుకుని, చివరికి అన్నాడు.

"నీకో సంగతి చెప్పాలిరా మెర్వ్. కొండ మీద వాళ్ళ పంపు మనిషి మానేశాడు. నెల క్రితమే నాకు ఫోన్ చేసి నిన్నడిగారు. అక్కడ పనిచేసేవాళ్ళకి అక్కడి చదువు ఫ్రీ. తలల లెక్కా గిక్కా ఏం లేదు, ప్రతి టర్మూ అన్ని క్లాసులూ ఉంటాయి. నేను నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఆ రెండో పంపు నువ్వు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఆగిపోతుంది కదరా. అందుకు." తర్వాత నేలకి చెప్పినట్టు చెప్పాడు. "అందుక్కాదు. నువ్వు పోతే నేను మధ్యాహ్నం అన్నం ఎవరితో తింటాను?"

మెర్విన్‌కి కొట్టాలనిపించింది. నెల క్రితం తెలిసుంటే ఈ టర్ముకే అక్కడ ఉద్యోగిగా చేరి, ఆ క్లాసు అక్కడే చదివి, డిసెంబరులోగా గట్టెక్కేవాడు. ఇప్పుడు అక్కడ చేరికలు అయిపోయాయి. ఇప్పుడు వెళ్తే పంపు మనిషిగా వెళ్ళాలి, చదవాలంటే వసంతంలో మొదటి ఏడు పిల్లల పక్కన మొదటి ఫిజిక్సు నుంచి మొదలెట్టాలి. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఐదు లోపు కౌంటరుకి రా" అన్నాడు, తిరక్కుండానే.

రాయ్స్ వచ్చాడు. మట్టి చేతులతో, ఒక్క వేలితో తన పేరు కొట్టి, "నేను చదవబోయేదాని పేరేంటమ్మా?" అని పెట్రాని అడిగాడు. పెట్రా కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. లెక్క ఎనిమిదికి వచ్చింది. క్లాసు నిలబడింది. మెర్విన్ గోడకి ఆనుకుని అదంతా చూసి, పంపుకి రెండోసారి గ్రీజు కొట్టే వేళయిందని కిందికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడే కొండ మీదికి ఫోన్ చేశాడు. వాళ్ళు వెంటనే రమ్మన్నారు, రాత్రి డ్యూటీ. కేకు కోయడాలవీ వద్దన్నాడు. తాళాలు రాయ్స్ టేబులు మీద పెట్టి, ఆదివారం నాడు, ఎవరూ లేనప్పుడు, వెళ్ళిపోయాడు. పద్దెనిమిదేళ్ళకి మెర్విన్ హాస్లెట్ కొండెక్కాడు. మన భాషలో దీపం ఆరితే కొండెక్కిందంటాం. నేను ఆ అర్థంతో అనడం లేదు. అయినా ఆ మాట రాయబోతే చెయ్యి కాస్త ఆగింది. పైన గోధుమరంగు యూనిఫాం ఇచ్చారట, జేబు మీద పేరు కుట్టి. అక్కడి పంపుల గదికీ కిటికీ లేదట. వసంతంలో ఏదైనా క్లాసులో చేరతావా అని పెట్రా ఫోన్‌లో అడిగితే, "చూద్దాం" అన్నాడట.

సోమవారం సాయంత్రం క్లాసు మొదలైంది. టీచరు పేర్లు పిలిచింది. రాయ్స్ డెలాన్సీ అనగానే వెనక వరసలోంచి "ఉన్నానండీ" అని పెద్ద గొంతు వచ్చింది. టాన్సీ వెనక్కి తిరిగి నవ్వి, పక్కనున్న ఖాళీ కుర్చీ చూసి నవ్వు ఆపేసింది. బోర్డు నిండేసరికి రాయ్స్‌కి ఊపిరాడలేదు. మధ్యలో కాసేపు విరామం ఇస్తే, రెండో పంపు ఎలా ఉందో చూసొస్తానని కిందికి దిగాడు.

పంపు ఆడుతూనే ఉంది. దీపం వేసి, వెచ్చటి గొట్టాల మధ్య కాసేపు నిలబడ్డాడు. వెళ్ళిపోదామని తలుపు లాక్కోబోతే, తలుపు వెనక మేకుకి ఏదో తెల్లగా కనిపించింది. కొత్త చొక్కా. మెర్విన్ కొలతది; క్లాసు మొదటి రోజుకని కాబోలు, మడతలు జాగ్రత్తగా విప్పి హ్యాంగరుకి వేసి ఉంచుకున్నది. వేడికి ముడతలన్నీ పోయి, పొడుగ్గా, నిటారుగా వేలాడుతోంది. రాయ్స్ దాన్ని తన పొట్ట మీద ఆనించి చూసుకుని, ఎక్కడిదక్కడే తగిలించేశాడు. కాలరు కింద గుండుసూదులు ఇంకా తీయలేదు.