చెయ్యి ఆనించే చెక్క

సీసం కలిపిన మెరుగునీళ్ళ తొట్టిలో పళ్ళాలు ముంచే హెప్జిబా చేతులు ఆ ఉదయం మణికట్టు దగ్గర వేలాడిపోయాయి. పళ్ళెం జారి పగిలింది. మేస్త్రీ ఆమెను రెక్క పట్టి గేటు బయటికి నెట్టాడు. ఆ మెరుగు వల్లే మా పింగాణీకి మీగడ రంగు నిగనిగ. లండన్ దొరసానులు దాన్ని చూసి మురిసిపోతారు, ముంచినవాళ్ళకు సీసం విషమెక్కి చేతులు పడిపోతాయి. ఇంగ్లండులో కుండల పనికి పేరుపడ్డ మా బర్స్‌లెం ఊళ్ళో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు.

ఈసారి మగవాళ్ళు పని ఆపారు. హెప్జిబాకు కూర్చుని చేసే పని ఇచ్చేదాకా బట్టీ వెలగదన్నారు.

పళ్ళాల మీద పూలు వేసే ఆడవాళ్ళం మాత్రం లోపలే ఉండిపోయాం. భయం. యజమానే వచ్చి మా బల్ల మీద చెక్కలు పరిచాడు. కుంచె పట్టిన చెయ్యి వణక్కుండా ఆనించుకునే చెక్కలవి. ఆడవాళ్ళు వాటిని ముట్టకూడదని మగ చిత్రకారులు పెట్టిన కట్టుబాటు. ముడితే తమంత బాగా వేసేస్తామని వాళ్ళ గుబులు.

"ఇక ఇవి మీవే. వాళ్ళ సరుకు కూడా మీరే పూర్తిచెయ్యండి," అన్నాడు.

మా బల్ల దగ్గర పెద్దది తామారు చెక్క అందుకుంది. "పోయినేడు నేను దొంగచాటుగా పెట్టుకున్న చెక్కని ఆ మగాళ్ళ పెద్ద, ఈనోకు, మోకాలికేసి విరిచాడు. ఆళ్ళ కోసం నా పిల్లల్ని పస్తులుంచాలా?"

"ఆళ్ళ కోసం కాదక్కా, హెప్జిబా కోసం. మన రంగుల్లోనూ సీసమే ఉంది," అన్నాను.

తామారు తన వేళ్ళకేసి చూసుకుంది. చెక్క బల్ల మీద పెట్టేసి లేచింది. మేమంతా వెనకే నడిచాం.

గేటు దగ్గర పోలీసులున్నారు. తామారు వెళ్ళి ఈనోకు ముందు నిలబడింది.

"వచ్చాం. మరి చెక్క సంగతేంటి?"

అతను తలదించుకున్నాడు. "తప్పు మాదేనమ్మా. పనిలోకెళ్ళిన రోజున మీరూ చెక్క పెట్టుకునే కూర్చుంటారు. ఇది అందరి ముందూ అంటున్నా."

ఆ మాట పూర్తవుతుండగానే మేస్త్రీ సైగ చేశాడు, పోలీసులు అతని మీద పడ్డారు. మొహం నేలకు నొక్కి సంకెళ్ళు వేశారు. గుంపు వెనక్కి తగ్గింది. నేనూ తగ్గాను, అబద్ధమెందుకు.

"ఇంకెవరికన్నా నోరుందా?" అన్నాడు మేస్త్రీ.

తామారు ఈనోకు నిలబడ్డ చోటికి వెళ్ళి నిలబడింది.

"నాకుంది," అంది. "బట్టీ వెలగదు."

నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను. నా వెనక మిగతావాళ్ళ అడుగుల చప్పుడు మొదలైంది.