మంచం కింద వయొలెట్లు

అత్త జ్ఞానసుందరికి పక్షవాతంతో కాళ్లు పడిపోయినప్పటి నుంచి మెర్సీ రాజాంలోని ఆ ఇల్లు దాటలేదు. టీచరు ఉద్యోగం మానేసింది. కాసేపు కనబడకపోతే చాలు, అత్త కేకలు పెట్టేది.

చలికాలం మొదట్లో మెర్సీ ఆన్‌లైన్లో వయొలెట్ పూల విత్తనాలు తెప్పించుకుంది. వాటికి చలి తగలాలని కొన్నాళ్లు ఫ్రిజ్‌లో ఉంచి, పెరుగు డబ్బాల్లో మట్టి పోసి చల్లింది. మొలకెత్తాలంటే చీకటి కావాలని అత్త మంచం కిందికి తోసి, పైన అట్ట కప్పింది. రోజూ వంగి చూసేది. మట్టి తప్ప ఏమీ కనిపించేది కాదు.

ఒక ఉదయం అట్ట తీస్తే పచ్చటి మొలకలున్నాయి. మెర్సీ నేల మీదే కూర్చుని ఏడ్చేసింది.

"ఏటయ్యిందే?" అంది అత్త.

"మొలిసాయత్తా. ఇంక ఎలుతురు కావాల. మేడ మీద ఎట్టాల."

"మరెట్టు."

"నువ్వు కేకలేత్తావు కదా."

అత్త పైకప్పుకేసి చూస్తూ అంది: "బయ్యమే నాకు. ఎల్లిపోతే మరి రావేమోనని."

వెళ్లిపోవాలన్న ఆలోచన మెర్సీకీ చాలాసార్లు వచ్చింది. డబ్బాలు తీసుకుని మేడెక్కింది. కింద నుంచి కేక వినబడలేదు. వీధి చివర శ్రీకాకుళం బస్సు మలుపు తిరుగుతోంది. అది కనుమరుగయ్యేదాకా చూసి, డబ్బాలను ఎండ నేరుగా తగలకుండా వెలుతురున్న చోట సర్ది, మెట్లు దిగింది.