అనుమతి ఉన్న మైదానం

సూది గ్లవుజును చీల్చుకుని వసపిట్ట అరచేతిలో దిగింది.

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ అది. రోజూ పొద్దున్నే వ్యాన్లలో మూటలు దిగుతాయి. వాటిని విప్పి, నెత్తురు మరకలవి ఒక పక్కకీ మిగతావి ఒక పక్కకీ వేరుచేసే బల్ల దగ్గర పనిచేస్తుంది వసపిట్ట. నోరు ఊరుకోదు కనక అందరూ పెట్టిన పేరు. ఆవేళ మాత్రం కిక్కురుమనలేదు. వాడి పారేసిన సూదిని ఎవరో దుప్పటి మడతలో వదిలేశారు. చెయ్యి పైకెత్తి, కారుతున్న నెత్తురు చూసుకుంటూ నిలబడింది.

ఆ నెలలో అది మూడో సూది.

"కుళాయి కింద పెట్టి కడుక్కో. మూటలు పేరుకుపోతున్నాయి," అన్నాడు సూపర్‌వైజరు.

పక్కనే ఇస్త్రీ రోలరు దగ్గరున్న పెద్దక్క అంతా చూసింది. ఇరవై ఆరేళ్లుగా ఆ రోలరుకి తడి దుప్పట్లు అందిస్తున్న మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి, నడుం పట్టేసింది. ఏదో అనాలనుకుంది. అనే ఓపిక లేక ఇంకో దుప్పటి అందుకుంది.

వసపిట్ట మర్నాడు వ్యాను వెంట వచ్చిన నర్సును ఆపి, "సూదులు తీసేసి మూటలు కట్టించండమ్మా, మావీ చేతులే కదా," అంది. అంతే. సాయంత్రానికి గేటు మీద కాగితం వెలిసింది: సంస్థ విషయాలు బయటివారికి చెప్పినందుకు ఉద్యోగం నుంచి తొలగించడమైనది.

ఆదివారం అందరూ పెద్దక్క ఇంట్లో చేరారు. ఆమె పిలిచి కాదు, ఆ ఇల్లు అందరికీ దగ్గర కనక. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి లోపలి గదిలో పడుకోబెట్టి, ముందు గదిలో చాప పరిచింది. వసపిట్ట ఒక వకీలమ్మను కూడా వెంటబెట్టుకొచ్చింది.

"మాట్లాడే హక్కు రాజ్యాంగంలోనే ఉందిగా," అంది వసపిట్ట. "బళ్లో బట్టీ పట్టాను."

"ఉంది. అది ప్రభుత్వం నీ నోరు మూయకుండా చూడ్డానికి. యజమాని మూస్తే ఆ పుస్తకం అంతగా పనికిరాదు," అంది వకీలమ్మ. "ప్రభుత్వమే మూసినా, శాంతిభద్రతల కోసం అన్నారనుకో, దానికీ అందులో సందు ఉంది."

"అంటే పైన ఇచ్చి కింద లాక్కున్నారన్నమాట," అంది బాయిలరు దగ్గర పనిచేసే ఆవిడ. అందరికీ ఆమె వదినే.

"అంతా లాక్కోలేదు వదినా. ఎంత మిగులుతుందన్నది మీరెంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. సంఘం పెట్టుకోండి. పనిలో ఉన్నవాళ్లు ఏడుగురు సంతకాలు పెడితే చాలు."

ఆరు సంతకాలు పడ్డాయి. ఏడోదానికి ఎవరూ కదల్లేదు. ఒకరికి పసిబిడ్డ, ఒకరికి అద్దె ఇల్లు, అందరికీ భయం. చివరికి పెద్దక్కకే విసుగొచ్చింది. "ఇలా పడెయ్యండి. నాకవతల వంట ఉంది," అని సంతకం గీకింది.

సంఘాల ఆఫీసు నెల తిప్పింది. చివరికి చిరునామా సరిగా లేదంటూ కాగితాలు తిప్పి పంపింది. వాటికంటే ముందే ఆ ఏడు పేర్లూ సూపర్‌వైజరు బల్ల మీదికి చేరాయి. సోమవారం పొద్దున గేటు కాపలాదారు తల వంచుకుని పనిలోంచి తీసేసినవాళ్ల జాబితా చదివాడు. చివరి పేరు పెద్దక్కది.

"రిజిస్టరైతేనే రక్షణ," అంది వకీలమ్మ నీరసంగా. "అంతదాకా చట్టం దృష్టిలో మీరు ఏడుగురు మనుషులు, అంతే."

"మనుషులమనైనా ఒప్పుకున్నారు," అంది వదిన.

గేటు ముందు నిలబడ్డారు. రెండో రోజుకే పోలీసు ఉత్తర్వు వచ్చింది: గేటుకి రెండు వందల గజాల లోపు అయిదుగురు గానీ అంతకు మించి గానీ గుమిగూడరాదు. ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మాట్లాడాడు.

"మీకు మాట్లాడే హక్కు లేదని ఎవరన్నారమ్మా? ఇక్కడ లేదు, అంతే."

"ఎక్కడుందో చెప్పు నాయనా, అక్కడికే పోతాం," అంది పెద్దక్క.

చెప్పాడు. ఊరి చివర మైదానం. మూడు రోజుల ముందు దరఖాస్తు. మైకు వద్దు. పది నుంచి పదకొండు దాకా.

దరఖాస్తు పెట్టుకుని వెళ్లారు. చెత్త పోసే దిబ్బ వెనకాల ఎండిన నేల, విరిగిన గోలు స్తంభం, కాకులు. వినడానికి ఒకే ఒక్క కానిస్టేబులు, చేతిలో నోటు పుస్తకంతో. మాట్లాడదామని ముందుకొచ్చిన వసపిట్ట ఆ ఖాళీ చూసి వెనక్కి తిరిగింది. అందుకని పెద్దక్క లేచింది. జన్మలో ఎన్నడూ నలుగురిలో మాట్లాడింది లేదు. సూది సంగతి, బ్లీచింగు ఘాటుకి రాలిపోయిన కనురెప్పల వెంట్రుకల సంగతి, జ్వరంతోనే రోలరు దగ్గర నిలబడ్డ రోజుల సంగతి ఒకదాని వెంట ఒకటి చెప్పుకుపోయింది.

"కాస్త మెల్లగా చెప్పమ్మా, రాసుకోవాలి," అన్నాడు కానిస్టేబులు.

మెల్లగా చెప్పింది. చెబుతుంటే ఇన్నేళ్ల బతుకూ మొదటిసారి ఒక్కచోటికి చేరినట్టయింది. అయ్యాక అడిగింది.

"ఇదంతా ఎవరు చదువుతారు నాయనా?"

"ఎవరూ చదవరమ్మా. ఫైల్లో పెడతారు."

పెద్దక్క ఆ పుస్తకం వైపు చూసింది. తర్వాత కొంగు దులుపుకుంది.

"పదండే. వినాల్సినవాళ్లు ఇక్కడ లేరు. రెండింటికి గేటు దగ్గర షిఫ్టు మారుతుంది."

"అరెస్టు చేస్తారు," అంది వకీలమ్మ. "బెయిలు తెస్తాను, ఎప్పటికన్నది మాత్రం చెప్పలేను."

"చెయ్యనీ. అక్కడైనా కాసేపు కూర్చోవచ్చు."

వసపిట్టతో కలిసి ఎనిమిదిమంది. లాండ్రీ గేటు ముందు రోడ్డుకి ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు లెక్కపెట్టి తల పట్టుకున్నాడు.

"ఒకే మాట చెప్పడానికొస్తే అంతా ఒకే గుంపు కిందికొస్తుందమ్మా. వెళ్లిపోండి."

సైరను మోగింది. ఆడవాళ్లు తలలు దించుకుని బయటికొస్తున్నారు. వీళ్లతో మాట్లాడితే ఉద్యోగం ఊడుతుందని పొద్దున్నే హెచ్చరించారు మరి. పెద్దక్క గొంతు పెంచలేదు. మైదానంలో ఎలా చెప్పిందో అలాగే చెప్పింది.

"మిమ్మల్ని మాతో రమ్మనడం లేదు. నిలబడి వినండి, చాలు. వినడానికి ఏ దరఖాస్తూ అక్కర్లేదనుకుంటా."

కొందరు అడుగు వేగం పెంచారు. కొందరు తగ్గించారు. వసపిట్ట స్థానంలో చేరిన కొత్తావిడ మాత్రం ఆగిపోయింది. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. అదేమిటని ఎవరూ అడగలేదు. ఎవరి చెయ్యి వాళ్లకి గుర్తొచ్చింది. ఆవిడ రోడ్డు దాటి వచ్చి పెద్దక్క పక్కన నిలబడింది.

"అయిదయ్యారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆరో మనిషి వచ్చింది. తర్వాత ముగ్గురు కలిసి వచ్చారు. ఆ తర్వాత లెక్కపెట్టడం ఆయన వల్ల కాలేదు. నినాదం ఒక్కటీ లేదు. రోడ్డు మాత్రం నిండిపోయింది. లోపలికి వెళ్లాల్సిన షిఫ్టు వాళ్లు కూడా బయటే ఉండిపోయారు. రెండు వ్యాన్లలో ముప్పై ఒక్కమందిని కుక్కారు. ఎక్కడానికి చోటు దొరకనివాళ్లు వెనకే నడిచారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు చెబుతుంటే రైటరు రాశాడు. "లాండ్రీ కార్మికుల సంఘానికి చెందిన ముప్పై ఒక్కమంది..."

"ఏ సంఘం సార్?" అంది వకీలమ్మ. "దాన్ని రిజిస్టరే చెయ్యలేదుగా."

"రిజిస్టరైతే ఏంటి, కాకపోతే ఏంటి? కళ్లెదురుగా కూర్చుంటే కనపడ్డం లేదా?" విసుక్కున్నాడు ఇన్‌స్పెక్టరు.

"కనపడుతోంది. అలాగే రాయండి. నాకో నకలు ఇవ్వండి."

అప్పుడుగానీ తన నోటివెంట ఏమొచ్చిందో ఆయనకి తట్టలేదు. రైటరు అప్పటికే ఆ వాక్యం ముగించి చుక్క పెట్టేశాడు.

పెద్దక్క గోడ వారగా బెంచీ మీద కళ్లు మూసుకుని కూర్చుంది. ఇంట్లో మొగుడికి అన్నం ఎవరు పెడతారా అన్న దిగులు. పోయిన పని పోయినట్టే. ఆ పని ఇక దొరకదని ఆమెకి తెలుసు. ఒళ్లంతా పులిసిపోయి ఉంది.

కానిస్టేబులు లోపలికొచ్చాడు. "సార్, బయట ఇంకో అరవైమంది దాకా ఉన్నారు. వాళ్ల పేర్లూ రాసుకోమంటున్నారు."

ఇన్‌స్పెక్టరు కలం వైపు చూశాడు, గది వైపు చూశాడు. "చోటెక్కడుంది?"

పెద్దక్క కళ్లు తెరిచింది. నడుం పట్టుకుని, బెంచీ మీద కాస్త అటు జరిగింది.

"రానివ్వండి," అంది. "సర్దుకుంటాం."